కీసరగుట్టకు సైకిలు మీద

యాభై ఎనిమిదేళ్ళు నిండిన మనిషి సైకిలు మీద కీసరగుట్టకు వెళ్ళి వస్తానంటే ఏ ఇంట్లో అయినా ఏమంటారో, మా ఇంట్లోనూ అదే అన్నారు. “గుట్టకు పోవాలని ఉంటే బస్సుల్లేవా?” అని మా ఆవిడ. “నాన్నకు మళ్ళీ సైకిలు పిచ్చి పట్టింది” అని మా అమ్మాయి. మా అత్తగారొక్కరే నన్ను వెనకేసుకొచ్చారు. “వెళ్ళనీయవే, దేవుడి దగ్గరికేగా!” అన్నారు.

ఆవిడకు అసలు సంగతి తెలియదు. నేను బయలుదేరింది దేవుణ్ణి చూడటానికి కాదు, ఒక మాటను చూడటానికి. ఒకే ఒక్క మాట. దాన్ని బండమీద చెక్కి పదిహేను వందల ఏళ్ళు అయింది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మేముండేది తార్నాకలో. ఒకప్పుడిక్కడ నవాబుల తోటలుండేవనీ, వాటి చుట్టూ తీగ కంచె వేసి దారిలో నాకా పెట్టారనీ, అందుకే ‘తార్ నాకా’ అయిందనీ పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, కంచే లేదు. నెత్తిమీద ఫ్లైవోవరు, దాని ప్రక్కన మెట్రో రైలు. నా దగ్గరున్నది కాలేజీ రోజులనాటి నల్ల సైకిలు. దానికి జబ్బు చేసినప్పుడల్లా యూనివర్సిటీ ఆవరణ అంచునున్న మాణికేశ్వర్ నగర్‌కు నడిపించుకు పోతాను. అక్కడొక చిన్న సైకిలు షాపు మిగిలి ఉంది. పది రూపాయల పనికి అరగంట కబుర్లు ఉచితం.

మాణికేశ్వర్ నగర్‌కే వడ్డెర బస్తీ అని పేరు. రాయి కొట్టటం, మట్టి పనిచెయ్యటం వడ్డెరల కులవృత్తి. షాపు ప్రక్కన వేపచెట్టు క్రింద నులకమంచం మీద ఒక పెద్దాయన ఎప్పుడూ కూర్చుని ఉంటాడు. ఎనభై దాటినవాడు. అరచేతులు రెండూ చెప్పుల అడుగుల్లా మొద్దుబారి ఉంటాయి. నాలుగు మాటలకొకసారి దగ్గు. బ్రతుకంతా పీల్చిన రాతిపొడి అది.

మొన్న వానాకాలంలో గొలుసు వేయించుకుంటూ ఉంటే ఆయనే పలకరించాడు.

“సారూ, నువ్వు చదువుకున్నోనివి గద. గా ఆర్ట్స్ కాలేజి మీద మావోళ్ళ పేరు ఏడన్న రాసిండ్రా?”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే వివరించాడు. ఆ కాలేజీకి రాళ్ళు కొట్టిన వాళ్ళలో వాళ్ళ తాత ఒకడట. పాలమూరు వైపునుంచి భార్యాబిడ్డలతో వచ్చి ఇక్కడే గుడిసె వేసుకున్నాడట. ఈయన తండ్రి అప్పటికి ఇంకా పిల్లవాడు, తట్టలో రాతిముక్కలు ఎత్తేవాడట. కట్టడం అయిపోయింది, గుడిసెలు ఉండిపోయాయి. బస్తీ అలా పుట్టిందని ఆయన మాట.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది, 1918లో అది ఏర్పడింది. ఉర్దూలో పై చదువులు చెప్పే విశ్వవిద్యాలయం కావటం అప్పట్లో దేశానికే వింత. మొదట కొన్నేళ్ళు ఊళ్ళోనే, అద్దె భవనాల్లో నడిచింది. తరువాత అడిక్‌మెట్ నేల మీద సొంత కట్టడాలు తలపెట్టారు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల కట్టడాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం దేశస్థుడు జాస్పర్ నమూనా గీశాడు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న పునాదిరాయి పడింది. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం అయింది. గులాబీ రంగు గ్రానైటు రాయి. సాయంకాలం ఎండ పడితే లోపల దీపం పెట్టినట్లు వెలుగుతుంది.

రాజుగారి పేరు తెలుసు, నమూనా గీసినవారి పేరు తెలుసు, తేదీలు తెలుసు. రాయి కొట్టినవాళ్ళ పేరు? నేను వెదికినంతలో కనిపించలేదు. ఆ మాటే చెప్పాను. పెద్దాయన నొచ్చుకున్నట్లు లేదు. “గంతే గద!” అని దగ్గుకున్నాడు.

నాకే మనసొప్పలేదు. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలన్నట్లుగా కీసరగుట్ట సంగతి ఎత్తాను. ఆ గుట్టమీద ఒక బండకు ‘తొలచువాండ్రు’ అని చెక్కి ఉంది. ‘తులచువాన్ఱు’ అని చదివినవారూ ఉన్నారు. ఎలా చదివినా అర్థం ఒకటే: రాతిని తొలిచేవాళ్ళు. విష్ణుకుండినుల కాలంనాటిదని, ఇంచుమించు అయిదో శతాబ్దం అక్షరాలని పండితులు తేల్చారు. పూర్తి తెలుగులో మనకు దొరికిన తొలి శాసనమని పేరుపొందిన కడప జిల్లా కలమళ్ళ శాసనం 575 ప్రాంతానిది. అంటే తెలుగులో రాజులు శాసనాలు వేయించక పూర్వమే రాళ్ళు కొట్టేవాళ్ళు తమ పేరు తెలుగులో చెక్కుకున్నారన్నమాట!

పెద్దాయన మంచంమీద నిటారుగా కూర్చున్నాడు. “మనోళ్ళేనా?” అన్నాడు. ఏ కులంవారో శాసనం చెప్పదు గనక, “మీ పని చేసినవాళ్ళే” అన్నాను. “అయితే బొమ్మ తీసుకురా సారూ. సూస్త” అన్నాడు.

కంప్యూటరులో వెదికి చూపిస్తే సరిపోయేది. కాని, మాట ఇచ్చింది మనిషి; వెళ్ళి చూసి రావద్దూ? పైగా సైకిలు కొత్త గొలుసుతో మిలమిలలాడుతున్నది.

వాన వెలిసి, చలి మొదలై, మార్గశిరం వచ్చేసరికి ముహూర్తం కుదిరింది. శుద్ధ త్రయోదశి, వెన్నెల రాత్రి. తోడుగా పెద్దాయన మనుమడు వచ్చాడు. ఎం.ఏ. చదువుతున్నాడు, ఆ ఆర్ట్స్ కాలేజీలోనే. ముత్తాత తండ్రి బయట సమ్మెట పట్టాడు, ఇతను లోపల బల్లమీద కూర్చున్నాడు. ఎవరి దగ్గరో గేర్ల సైకిలు అరువు తెచ్చుకున్నాడు. నా సైకిలును చూసి నవ్వు ఆపుకోవటానికి చాలా కష్టపడ్డాడు, పాపం.

మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరాము. కీసరగుట్ట పాతిక కిలోమీటర్లకు పైచిలుకు. నింపాదిగా తొక్కినా అయిదుంపావుకు చేరాలి, సూర్యాస్తమయానికి ఇంకా అరగంట ఉంటుంది. ఇదీ లెక్క.

యూనివర్సిటీ ఆవరణలో సైకిలు తొక్కటం ఈనాటికీ సుఖమే. రోడ్లకు రెండు ప్రక్కలా చెట్లు. ఆర్ట్స్ కాలేజీ ముందు దిగి ఒక నిమిషం నిలబడ్డాము. 1969లోనూ, మళ్ళీ 2009లోనూ తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచినప్పుడు ఈ మెట్లమీదనే కుర్రాళ్ళు గుమిగూడారు. మా కుర్రవాడు మెట్లు చూడటంలేదు, గోడ చూస్తున్నాడు. “రోజూ చూస్తాను గాని సార్, ఇది ఒక్కొక్క రాయిగా ఎప్పుడూ కనబడలేదు” అన్నాడు.

తార్నాక చౌరస్తా దాటటం ఒక గండం. ఆ తరువాత హబ్సిగూడ వరకు విజ్ఞానశాస్త్రం మధ్య ప్రయాణం. కూనూరునుంచి 1958లో తరలివచ్చిన పోషకాహార సంస్థ వెనకపడింది. రసాయన ప్రయోగశాల, జీవకణాల పరిశోధనాలయం, భూభౌతిక సంస్థ, అన్నీ ఒక్క ఊరి మేరలో ఉన్నాయి. మనదేశంలో ఇంత తక్కువ చోట ఇంతమంది డాక్టరేట్లు మరెక్కడ దొరుకుతారో! కాని వారిలో సైకిలు మీద ఎదురైనవారు ఒక్కరూ లేరు. నా చదువు రోజుల్లో ఇదే రోడ్డుమీద సాయంకాలం గంటల మోత తప్ప వేరే హారను తక్కువ. సైకిలుకు దీపం లేకపోతే పోలీసువాడు ఆపేవాడు. ఇప్పుడు దీపం ఉన్నా ఎవరూ చూడరు. కుర్రవాడు ముందు, నేను వెనక, బస్సులకు ఒద్దిగా జరుగుతూ నాచారం మలుపు తిరిగాము.

నాచారం, మల్లాపురం కార్ఖానాల ఊళ్ళు. ఇక్కడ చెప్పుకోదగ్గది రోడ్డు కాదు, ఎడమవైపు ఇళ్ళ మీదుగా అప్పుడప్పుడు తొంగిచూసే మౌలాలీ గుట్ట. ఒక్క బండను బోర్లించినట్లుంటుంది, పైన దర్గా తెల్లగా. ఆ గుట్ట పాదాన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి, నర్తకి, నిజాం దర్బారులో మాట చెల్లిన మనిషి. తన తల్లికోసం 1792లో కట్టించిన చోటనే తానూ పడుకుంది. ఉస్మానియా లేచిన అడిక్‌మెట్ నేల ఆమె జాగీరే. ప్రక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె పేరుమీద మెట్లబావి ఇప్పటికీ ఉంది. ఆ బావి మెట్లు ఎవరు చెక్కారో మళ్ళీ ఎవరూ వ్రాయలేదు! ఈ ప్రశ్న ఒకసారి మనసులో పడితే వదిలేది కాదు. ప్రతి గోడదగ్గరా ఇదే వరస.

ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో టీ తాగాము. 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఇక్కడికి వచ్చినప్పుడు దీనిని ఊరి చివర అనేవారు. ఇప్పుడు ఊరి చివర అన్నమాటకే అర్థం లేదు. నాగారం వెళ్ళినా ఊరే, ఇంకా వెళ్ళినా ఊరే. కాకపోతే ఇళ్ళ మధ్యన ఖాళీలు కొంచెం కొంచెంగా పెరుగుతాయి. ఒక బర్రెల కొట్టం కనిపిస్తుంది, ఒక తాటిచెట్టు కనిపిస్తుంది, గాలిలో పెట్రోలు తగ్గి పేడ వాసన వస్తుంది. పట్నంలో ఉన్నవాడికి ఆ వాసన ఎంత హాయి!

రాంపల్లి చౌరస్తా ఇంకా రాలేదనగా నా వెనక చక్రం ఉస్సురుమన్నది. తుమ్మముల్లు.

పంక్చరు షాపులకు కొదవలేదు. మూడు చూశాము. మొదటి రెండింటివాళ్ళు మోటారు సైకిళ్ళు తప్ప ముట్టమన్నారు. మూడోవాడు నా సైకిలును ఎగాదిగా చూసి, “ఇది ఇంకా నడుస్తుందా?” అని అడిగాడు. నడవదనే కదా వచ్చింది! చివరికి అతని తండ్రి కాబోలు, లోపలినుంచి లేచి వచ్చి, నీళ్ళ పళ్ళెంలో ట్యూబు తిప్పి బుడగలు చూసి, అరగదీసి, అతుకు వేసి, చేత్తో తట్టి ఇచ్చాడు. ఎంతో ప్రేమగా చేశాడు గాని, నింపాదిగా చేశాడు. యాభై నిమిషాలు పోయాయి. నేను ఆకాశంకేసి చూడటం గమనించి కుర్రవాడు, “పర్వాలేదు సార్, తొందరగా తొక్కుదాం” అన్నాడు. అతనికేం, గేర్లున్నాయి!

అక్కడినుంచి రోడ్డు ఎక్కి దిగుతూ పోతుంది. రెండువైపులా బండరాళ్ళు, ఎవరో పేర్చి వదిలేసినట్లు ఒకదానిమీద ఒకటి. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలట. దాని మధ్యన ‘వెంచరు’ బోర్డులు, సున్నం కొట్టిన హద్దురాళ్ళు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుప్రక్కల పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటల చోట ఇప్పుడు పందిళ్ళు లేవు, ప్లాట్లున్నాయి. ఒకచోట పెద్ద యంత్రం బండను పిండి చేస్తున్నది. కుర్రవాడు సైకిలు ఆపాడు.

“మా తాత అయితే దాన్ని అట్లా చెయ్యడు సార్. గీత గీసి, జానెడు జానెడుకు ఉలితో గుంట తీసి, గుంటల్లో ఇనుప చీలలు దింపుతాడు. ఒక కొసనుంచి ఇంకో కొసకు సమ్మెటతో కొంచెం కొంచెం కొట్టుకుంటూ పోతాడు. ఒకే చీలను గట్టిగా కొడితే రాయి అడ్డంగా చీలిపోతుంది. చప్పుడు మారుతుందట. అప్పుడు ఆగి, పక్కకు జరగాలి. రాయి రెండుగా విచ్చుకుంటుంది.”

“నీకు వచ్చా?”

“రాదు సార్. నేర్పనన్నాడు. సుత్తి ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానన్నాడు.”

అవుటరు రింగు రోడ్డు మా తలమీదుగా దాటిపోయింది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల రోడ్డు. పడమటి వైపున దాని ప్రక్కన 23 కిలోమీటర్ల మేర సైకిళ్ళకోసం సౌరఫలకల నీడలో ప్రత్యేకమైన బాట 2023లో వేశారు. తూర్పువైపు వాళ్ళకు మాత్రం తుమ్మముళ్ళు. ఇది ఫిర్యాదు కాదు, ఊరికే అన్నాను.

కీసర ఊరు దాటేసరికి సూర్యుడు దిగిపోయాడు. పడమర ఎర్రగా, తూర్పున అప్పటికే ఎక్కిన చంద్రుడు తెల్లగా. ఇద్దరి మధ్యనా గుట్ట నల్లగా నిలబడి ఉంది. ఎక్కుడుదారిలో నేను దిగి నడిపించాను. కుర్రవాడు మర్యాదకోసం తానూ దిగాడు.

ఈ గుట్ట కథ చాలామందికి తెలిసే ఉంటుంది. రాముడు ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించదలచి హనుమంతుణ్ణి కాశీకి పంపాడట. ముహూర్తం దాటుతున్నా ఆయన రాకపోయేసరికి శివుడే వచ్చి లింగం ఇచ్చాడట. తరువాత 101 లింగాలు మోసుకువచ్చిన హనుమంతుడు అలిగి వాటిని విసిరివేశాడట. గుట్టనిండా లింగాలు చెదరి ఉండటానికి కారణం అదేనంటారు. హనుమంతుని తండ్రి కేసరి పేర కేసరిగిరి, అదే కీసర. తవ్వకాలు చేసినవారికి ఇక్కడ విష్ణుకుండినుల కాలపు ఇటుక గోడలు, కోట ఆనవాళ్ళు దొరికాయి. శివరాత్రి జాతరనాడు ఇసుక వేస్తే రాలదు. మేము వెళ్ళిన రోజున మాత్రం కొబ్బరికాయల కొట్టువాళ్ళు సర్దుకుంటున్నారు.

పూలమ్మే అవ్వను అడిగాను, “అమ్మా, ఇక్కడ బండమీద పాత అక్షరాలున్నాయట, ఎటు?” అని.

“బండలా? గుట్టంత బండలే గద నాయనా!” అన్నది. అబద్ధం కాదు.

దర్శనం చేసుకున్నాము. మా అత్తగారి మాట దక్కాలి కదా! బయటికి వచ్చేసరికి బాగా చీకటి పడింది. సెల్‌ఫోను దీపాలు పట్టుకుని రాళ్ళ మధ్యన దేవులాడాము. ముళ్ళు గీచుకున్నాయి. ఒక బండ, ఇంకొక బండ. నేను ఒకదానిమీద అక్షరమనుకున్నది నాచుమచ్చ. ఇంకొకదానిమీద సున్నంతో వ్రాసినది ఎవరో ప్రేమికుల జంట పేర్లు. ఇక లాభం లేదని అనుకుంటూ ఉంటే కుర్రవాడు, “సార్, ఇటు రండి” అని పిలిచాడు.

శాసనం కాదు. ఒక బండ అంచున వరసగా గుంటలు. జానెడు జానెడుకు. అయిదో, ఆరో ఉన్నాయి. చివరిది సగంలో ఆగిపోయింది. రాయి విచ్చుకోలేదు. ఎవరో మొదలుపెట్టి వదిలేసి పోయారు. ఎప్పటివారో, గుడి మరమ్మతుకు వచ్చినవారో, నిన్నమొన్నటివారో నేను చెప్పలేను. అతను ఒక్కొక్క గుంటలో వేలు పెట్టి చూస్తున్నాడు. దీపం నా చేతిలో ఉంది. చాలాసేపు ఆర్పలేదు.

తిరుగు ప్రయాణం దిగుడు గనక సైకిళ్ళు వాటంతట అవే పోయాయి. వెన్నెల రోడ్డుమీద పాలు పోసినట్లుంది. చలిగాలి చెవులు కొరుకుతున్నది. లారీలు వచ్చినప్పుడు రోడ్డు దిగి నిలబడటం, పోయాక మళ్ళీ ఎక్కటం. రాంపల్లి దగ్గర వేడివేడి మిరపకాయ బజ్జీలు తిన్నాము. మా ఆవిడకు ఫోను చేసి, “వస్తున్నాము, దర్శనం బాగా జరిగింది” అని చెప్పాను. ఆ మాట నిజమే కదా!

మాణికేశ్వర్ నగర్ చేరేసరికి పదిన్నర. బస్తీ అప్పుడే నిద్రకు ఒరుగుతున్నది. పెద్దాయన దుప్పటి కప్పుకుని మంచంమీద కూర్చునే ఉన్నాడు. దగ్గు దూరాన్నుంచే వినిపించింది.

“బొమ్మ తెచ్చిండ్రా?”

మనుమడు తల వంచుకున్నాడు. పంక్చరు సంగతి, చీకటి సంగతి నేనే చెప్పాను. పోనీ అని ఫోనులో గుంటల ఫోటో చూపించాము. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒక కంటికి శుక్లం.

“వీడెవడో కొత్తోడు” అన్నాడు. “గుంటలు వంకర తీసిండు. అందుకే పలగలే.”

తరువాత నాకేసి తిరిగాడు. “రాత్రిపూట రాతిమీద అచ్చరం ఏడ కనబడ్తది సారూ? నడిపొద్దుల గూడ కనబడదు. పొద్దు పొడిసేటాళ్ళ ఎండ ఏటవాలుగ పడాలె. అప్పుడు గుంటల నీడ నిలుస్తది. నీ అసుంటి చదువుకున్నోడికి గంత తెల్వదా?”

తెలియదని ఒప్పుకున్నాను.

“నేను గూడ వస్త” అన్నాడు.

“తాతా, దగ్గుతోనా? అంత దూరం?” అన్నాడు మనుమడు.

“నువ్వు ఊకోరా. సారు సైకిలుకు ఎనక క్యారేజీ ఉన్నది గద!”

ఆటో మాట్లాడదామని నేనూ, మనుమడూ ఎంత చెప్పినా వినలేదు. చివరకు పోయేటప్పుడు ఆటో, అక్కడ కీసర ఊరినుంచి గుట్ట మొదటిదాకా సైకిలు వెనక అనే షరతుమీద రాజీ పడ్డాడు. వచ్చే ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాలి. సైకిలును ఆటో మీద కట్టే సంగతి మనుమడు చూసుకుంటానన్నాడు.

మర్నాడు షాపుకు వెళ్ళి క్యారేజీ బోల్టులు గట్టిగా బిగించమన్నాను. ఎందుకని అడిగాడు షాపువాడు. చెప్పాను. డబ్బు తీసుకోలేదు.

మా ఇంట్లో మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.